అత్తయ్య నాలుక మీద బుడిపె

జూన్ 4

ఏమే కోడలు పిల్లా,

ముందు ఒక సంగతి తేల్చు. ఈ ఉత్తరం నువ్వొక్కదానివే ఉన్నప్పుడు విప్పావా, లేక నీ గదిలో ఉన్న ఆ మిగతా కాబోయే పళ్ల డాక్టర్లు నీ భుజం మీద గడ్డాలు ఆనించి చదువుతున్నారా? అదే అయితే వాళ్లని మంచినీళ్లకి పంపించి, తలుపు గడియ పెట్టి, అప్పుడు చదువు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. మీ హాస్టల్ ఫోను వార్డెన్ బల్ల మీద ఉంటుంది. మా ఇంట్లో ఫోను మీ మామయ్య రంగు డబ్బాల పక్కన ఉంటుంది. ఆయన ఏ దుకాణం బోర్డు మీద ఏ అక్షరం రాస్తున్నా చెవి మాత్రం నా దగ్గరే పెట్టి రాస్తారు. ఆ రెండు చోట్ల మధ్య చెప్పుకునే మాట కాదిది.

మా టీ కంపెనీలో ఒకావిడ ఉంది. మంచి మనిషే, కాకపోతే కాస్త నోటి దురుసు. మొన్న పంటి సందున టీ ఆకు ఇరుక్కుంటే, కొత్త టార్చి లైటు వేసుకుని అద్దం ముందు నోరు తెరిచింది. ఆకు దొరకలేదు గానీ నాలుక వెనకాల, గొంతు దిగేచోట, ఇంతింత బుడిపెలు కనిపించాయి. ఒకటీ అరా కాదు, వరస కట్టి ఉన్నాయి. అప్పటి నుంచి ఆవిడకి తిండి సయించడం లేదు. నాలుకతో బతికే మనిషి పాపం. మూడేళ్లుగా నోళ్ల గురించే చదువుతున్నావు కదా, అవేమిటో రాసి పంపు. ఆవిడకి చదివి వినిపిస్తాను.

నా ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది. తెల్ల కప్పులు వరసగా పెట్టడం, చెంచాతో టీ సర్రున పీల్చడం, నోరంతా తిప్పి తొట్టిలో ఉమ్మడం, ఇది అమ్మండి, ఇది పారబొయ్యండి అని చెప్పడం. కొత్తగా వచ్చిన కష్టం ఒకటుంది. మా యజమానికి అల్లుడొచ్చాడు. అల్లుడితో పాటు ఆలోచనలొచ్చాయి. పూల వాసన కలిపిన టీ పొడి ఒకటి చేయించి, రుచి చూసి సంతకం పెట్టమని నా వెంటపడి తిరుగుతున్నాడు. ఇంకా చెంచా ముంచలేదు.

మీ నాన్నకి ఈ ఉత్తరం సంగతి చెప్పకు. నా తమ్ముడే అయినా వాడి నోట్లో నువ్వుగింజ నానదు.

నువ్వు పుట్టిన రోజున మీ నాన్న కంటే ముందు నిన్నెత్తుకున్న
మేనత్త


జూన్ 9

అత్తయ్యా,

గడియ పెట్టాను. నా గదివాళ్లు బయట నుంచి తలుపు బాదుతున్నారు, ఎవరో ప్రేమలేఖ రాశారని. రాసింది మా అత్తయ్యే అని ఎంత చెప్పినా నమ్మడం లేదు.

మీ ఆఫీసావిడకి చెప్పు. ఆ బుడిపెలు పుట్టుకతో వచ్చినవి. నీకూ ఉన్నాయి, నాకూ ఉన్నాయి, మీ యజమాని అల్లుడికీ ఉన్నాయి. నాలుక వెనక బాణం మొనలాగా రెండు వరసలుగా ఉంటాయి. రుచి పట్టే మొగ్గలు వాటి చుట్టూ బోలెడు ఉంటాయి కాబట్టి, ఆవిడ తినే అన్నం రుచిలో సగం వాటి చలవే. ఎవరూ అంత లోపలికి టార్చి వేసి చూసుకోరు గనక కనిపించవు, అంతే. మా ఆసుపత్రికి వీటిని చూసుకుని ఏడుస్తూ వచ్చి, నవ్వుకుంటూ వెళ్లేవాళ్లు చాలామంది.

ఇంకో రకం ఉంది. నాలుక మీద ఎర్రటి మచ్చలు, చుట్టూ తెల్లటి అంచు, దేశపటంలో దీవుల్లాగా. ఇవాళ ఇక్కడ ఉంటాయి, కొన్నాళ్లకి అక్కడ మాయమై ఇంకోచోట తేలతాయి. వాటితోనూ ప్రమాదం లేదు. మా పెద్ద డాక్టరమ్మ ఎప్పుడూ ఒక మాట అంటారు: "తిరిగేదాన్ని చూసి భయపడొద్దు, తిష్ఠ వేసినదాన్ని వదలొద్దు." పుండు గానీ గడ్డ గానీ రెండు మూడు వారాలు దాటినా ఉన్నచోటే ఉండిపోతే చూపించుకోవాల్సిందే. ఆవిడకి అలాంటిదేం లేదు కదా?

ఇక్కడ మమ్మల్ని ఈ ఏడు నిజం రోగుల మీదకి వదిలారు. నిన్న ఒక పెద్దాయన నా వేలు కరకరా కొరికాడు. అయ్యో అనడానికి బదులు, "చూశావా, నా పన్ను ఇంకా గట్టిదే" అన్నాడు. ఆ పన్ను తీయించుకోవడానికే వచ్చాడు.

వేలికి కట్టుతో,
నీ కోడలు పిల్ల


జూన్ 14

ఏమే డాక్టరమ్మా,

ఆవిడకి చదివి వినిపించాను. పోయిన ప్రాణం లేచొచ్చిందంది. టార్చి లైటు బీరువాలో పెట్టేసింది. తరవాత మళ్లీ తీసింది.

ఎందుకంటే ఇంకోటి ఉందిట. కుడివైపు అంచున, వెనక దవడపన్నుకి పక్కగా, మిరియపు గింజంత. చుట్టూ ఎర్రగా, అంచు కాస్త తెల్లగా. పాలు పోసిన టీకి ఏమీ అనదు, పొగ వాసనుండే ఆకు తగిలితే మాత్రం చురుక్కుమంటుంది. ఎప్పటి నుంచో సరిగ్గా తెలియదు, నెల దాటిందేమో. ఆవిడే బొమ్మ గీసిచ్చింది, ఇందులో పెట్టాను. గీత వంకరగా ఉందని నవ్వకు. ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో పెన్సిలు పట్టుకుని గీసింది పాపం.

నాలుక అంటే గుర్తొచ్చింది. చిన్నప్పుడు నా నాలుక మీద నల్లమచ్చ ఒకటుండేది. నేనేమంటే అది జరిగిపోతుందని వీధి వీధంతా నమ్మేది. మీ నాన్న పరీక్షకి వెళ్తూ నా ముందు నిలబడి, "అక్కా, పాసవుతానని అనవే" అని బతిమాలేవాడు. అన్నాను. లెక్కల్లో తప్పాడు. ఆ ఏడాది నుంచే వాడు పుస్తకం తెరవడం మొదలుపెట్టాడు.

ఈ మధ్య నాకెందుకో ఎవరినీ ఏమీ అనబుద్ధి కావడం లేదు. అల్లుడుగారు వచ్చి మళ్లీ పూల టీ మాట ఎత్తితే, "చూద్దాంలే నాయనా" అన్నాను. ఆయన కంగారుపడి, "మేడమ్, ఒంట్లో బాగానే ఉందా?" అని కుర్చీ జరిపాడు. కప్పులు కడిగే అమ్మాయి చేతిలో కప్పు పగిలితే, "పోన్లేవే" అన్నాను. ఉద్యోగం తీసేస్తున్నాననుకుని అది భోరుమంది. మనిషి మంచిగా ఉందామన్నా ఉండనివ్వరు.

మీ నాయనమ్మ బాగా గుర్తొస్తోంది. ఆవిడకీ ఆ మాయదారి జబ్బు నోట్లోనే కదా వచ్చింది. నువ్వు పుట్టకముందు మాట. ఎందుకు రాస్తున్నానో తెలియదు, వదిలెయ్.

జవాబు త్వరగా రాయి. ఆవిడ ఎదురుచూస్తుంది.

మేనత్త


జూన్ 18

అత్తయ్యా,

"ఆవిడ"ని ఇంక ఇంటికి పంపించెయ్. మీ కంపెనీలో నాలుకతో ఉద్యోగం చేసేది నువ్వొక్కదానివే. పొగ వాసన ఆకు ఏ వైపు చురుక్కుమంటుందో చెప్పగలిగే మనిషి ఈ భూమ్మీద ఇంకెవరున్నారు? మొదటి ఉత్తరంలోనే పట్టుకోవాల్సింది. "మంచి మనిషే, కాకపోతే నోటి దురుసు" అన్నప్పుడే అనుమానం రావాల్సింది, మంచి మనిషి అన్నావు కాబట్టి రాలేదు.

కోపంతో రాయడం లేదు. నువ్వు ఎవరినీ తిట్టడం లేదని చదివి నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఎంత భయపడి ఉంటే నోరు మూసుకుంటావు!

నా మాట విను. మొదట మామయ్యకి చెప్పు. తరవాత ఆయనతో ఒక బొమ్మ వేయించి పంపు. ఆయన చెయ్యి వెంట్రుకవాసి తేడా రానివ్వదు. ఇవాళ అది ఎక్కడుందో, ఎంతుందో ఆయన వేస్తే, నీ బొమ్మ పక్కన పెట్టి చూస్తాను. ఎర్రగా ఉండి అంచు తెల్లగా ఉందన్నావు కాబట్టి తిరిగే రకమే కావచ్చు. అలాకాక ఉన్నచోటే ఉంటే మాత్రం మారు మాట్లాడకుండా రైలెక్కి ఇక్కడికి రావాలి. నా మీద ఒట్టు.

టార్చి లైటు మామయ్యకి ఇచ్చెయ్. అది నీ చేతిలో ఉండకూడదు.

నీ కోడలు పిల్ల


జూన్ 24

కోడలు పిల్లా,

నీ ఉత్తరం వచ్చేలోపే దొంగ దొరికిపోయింది. ఎలాగో చెప్తాను విను.

మా పెళ్లయిన దగ్గర నుంచీ పొద్దున టీ పెట్టేది మీ మామయ్య, దానికి వంక పెట్టేది నేను. ఆకు ఉడికిపోయిందనో, పాలు పలచననో, ఇది టీయా గోడకి వేసే రంగా అనో ఏదో ఒకటి అంటేగానీ మా ఇంట్లో తెల్లారదు. మొన్న కప్పు చేతికిచ్చారు. తాగి, "బాగుందండీ" అన్నాను.

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. కప్పు నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టి, "ఏమైంది నీకు? నిజం చెప్పు" అన్నారు.

"ఏమీ కాలేదు. బాగుందన్నానంతే కదా?"

"ఇన్నేళ్లలో లేనిది ఇవాళ బాగుందంటే ఏదో అయింది. నోరు తెరువు."

తెరిచాను. ఏడుస్తారేమో అనుకున్నాను. ఏడవలేదు. అప్పుడే నీ ఉత్తరం కూడా వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని, నన్ను కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టి, నా ఎదురుగా ఇంకో స్టూలు వేసుకుని కూర్చుని, దుకాణం బోర్డు కొలిచినట్టు నా నాలుక కొలిచారు. సన్న కుంచెతో, రంగులతో వేశారు, చూడు. రంగు సరిగ్గా కలిసిందో లేదో పోల్చుకోవాలని, బొమ్మ ఆరేదాకా నాలుక బయటే పెట్టమన్నారు. దవడలు పట్టేశాయి. మధ్యలో పక్కింటావిడ తొంగిచూసి, నేను మొగుణ్ణి వెక్కిరిస్తున్నాననుకుని గుమ్మంలోంచే వెనక్కి తిరిగింది. వీధిలో ఇప్పుడు మేం మాటల్లేకుండా ఉన్నామని చెప్పుకుంటున్నారు.

ఈ బొమ్మ అంత బాగా కుదిరిందిట, తిరిగొచ్చాక ఫ్రేము కట్టిస్తానంటున్నారు. కట్టిస్తే పుట్టింటికి పోతానని చెప్పాను. పుట్టింట్లో మీ నాన్న ఉన్నాడని గుర్తొచ్చి ఆగాను.

బొమ్మలు చూసి వెంటనే రాయి. ఈ నాలుగు ముక్కలు నవ్వుతూ రాశాను గానీ, లోపల నవ్వు లేదు.

మేనత్త


జూన్ 28

అత్తయ్యా! అత్తయ్యా! అత్తయ్యా!

కదిలింది! నీ బొమ్మలో కుడి అంచున ఉంది, మామయ్య బొమ్మలో ఎడమ అంచున ఉంది. రెండూ మంచం మీద పక్కపక్కన పరుచుకుని చూశాను. తిన్నగా అటు నుంచి ఇటు నడిచి వెళ్లింది మహాతల్లి. ఎర్రటి మచ్చ, తెల్లటి అంచు, ఒకచోట ఉండకపోవడం, అన్నీ పుస్తకంలో రాసినట్టే ఉన్నాయి. ఇది తిరిగే రకం. దీనితో ప్రమాదం లేదు, లేదు, లేదు.

గదివాళ్లకి చెప్పేశాను, క్షమించు. నీ నాలుక కోసం ముగ్గురం మంచాల మీద గెంతాం. కింద గదివాళ్లు చీపురు కర్రతో పైకప్పు పొడిచారు.

ఇంక నీ ఇష్టం. పొద్దున మామయ్య టీని తిట్టు, మధ్యాహ్నం అల్లుడుగారిని తిట్టు, సాయంత్రం తీరిక ఉంటే నాన్నకి ఉత్తరం రాసి తిట్టు. పొగ వాసన ఆకు మాత్రం కొన్నాళ్లు ఎక్కువసేపు నోట్లో పెట్టుకోకు.

గాలిలో తేలుతున్న,
నీ కోడలు పిల్ల


జూలై 2

నా బంగారు డాక్టరమ్మా,

నీ నోట్లో పంచదార పొయ్య! ఉత్తరం చదివి మీ మామయ్య చేతికిచ్చి, ఆయన చదువుతుండగానే వంటింట్లోకి వెళ్లి మిగిలిన టీ రుచి చూసి, "ఇదేం టీ అండీ, కుంచెలు కడిగిన నీళ్లు" అన్నాను. ఆయన సంతోషం పట్టలేక ఇంకో కప్పు పోసిచ్చారు.

ఆఫీసుకి స్వీట్లు పట్టుకెళ్లి పంచాను. ఎందుకని అందరూ అడిగారు. ఊరికే అన్నాను. కప్పులు కడిగే అమ్మాయికి రెండిచ్చాను. తరవాత అల్లుడుగారిని పిలిచి, "తీసుకురండి బాబూ మీ పూల టీ" అన్నాను. చెంచా ముంచాను, పీల్చాను, తొట్టిలో ఉమ్మాను. "ఇది టీ కాదండీ, సబ్బు నీళ్లలో గులాబీ జారిపడింది" అన్నాను. ఆయన మొహం మాడిపోయింది గానీ, వెనక నుంచి యజమాని గారు, "హమ్మయ్య, మేడమ్ మామూలు మనిషయ్యారు" అని స్వీటు నోట్లో వేసుకున్నారు.

ఎన్నాళ్లకి కడుపునిండా అన్నం తిన్నానో! నిన్ను పళ్ల డాక్టరు చదివించమని మీ నాన్నతో కొట్లాడినందుకు ఇవాళ నా వీపు నేనే తట్టుకున్నాను.

ఒక్కటే చిత్రం. అది ఎడమవైపు వెళ్లిందన్నావు కదా, నాకింకా కుడివైపే చురుక్కుమంటోంది. అలవాటు మీద అనిపిస్తోందేమోలే.

నిన్ను చూసి గర్వపడే
మేనత్త


జూలై 2

అత్తయ్యా,

ఈ ఉత్తరం అందగానే ముందు ఒక్కటి చెప్పు. మొదటి బొమ్మ నువ్వు అద్దంలో చూసి గీశావా?

ఇవాళ క్లినిక్‌లో చిన్న అద్దం రోగి నోట్లో పెట్టి, అందులో చూస్తూ పై పన్ను వెనకాల శుభ్రం చేస్తున్నాను. నేను ఇటు జరిపితే అద్దంలో చెయ్యి అటు జరుగుతోంది. ఉన్నట్టుండి చెయ్యి ఆగిపోయింది. "అద్దం ముందు నోరు తెరిచింది" అని నువ్వు రాసింది గుర్తొచ్చింది. అద్దంలో చూసుకుంటే నీ కుడి నీకు కుడివైపే కనిపిస్తుంది, అలాగే గీస్తావు. మామయ్య నీ ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఉన్నవాళ్లకి నీ కుడి ఎడమవైపు పడుతుంది, ఆయన అలాగే వేశాడు. ఇద్దరూ సరిగ్గానే గీశారు అత్తయ్యా. తప్పు చూసింది నేను. రోజూ మనుషుల ఎదురుగా నిలబడి నోళ్లు చూసేదాన్ని, సంతోషంలో ఇంత చిన్న సంగతి మర్చిపోయాను. అది కదల్లేదు. ఉన్నచోటే ఉంది.

వార్డెన్ ముందే మీ ఆఫీసుకి ఫోన్ చేశాను. గుమాస్తా ఎత్తి, "మేడమ్ స్వీట్లు పంచుతున్నారమ్మా, మీరూ ఉంటే బాగుండేది" అన్నాడు. ఫోను పెట్టేశాను.

భయపడమని చెప్పడం లేదు. మానకుండా ఉండిపోయేవాటిలో చాలావాటికి ఏదో మామూలు కారణమే ఉంటుంది. కానీ వేలితో తాకి చూస్తేగానీ చెప్పకూడదు, నేను కాగితం చూసి చెప్పాను. వెంటనే బయలుదేరి రా.

నీ కోడలు పిల్ల


జూలై 6

కోడలు పిల్లా,

అద్దంలో చూసే గీశాను.

నువ్వు ఉత్తరంతో పాటు తిప్పి పంపిన రెండు బొమ్మలూ మీ మామయ్య తీసుకుని, నాది తిరగేసి, ఆయనదాని మీద పెట్టి కిటికీ వెలుగుకి పట్టుకున్నారు. రెండు బుడిపెలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ఆ తరవాత ఆయన బోర్డు పని ముట్టుకోలేదు.

నేను రాను. కొత్త ఆకు వచ్చే రోజులని రాద్దామనుకున్నాను, ఇల్లు ఎవరు చూస్తారని రాద్దామనుకున్నాను. నీతో అబద్ధం ఎందుకు? భయం.

అమ్మ చివరి రోజుల్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడేది. ఏదో అలవాటనుకున్నాం. అన్నం మానేసి గంజి తాగేది. అరగడం లేదేమో అనుకున్నాం. చూపించేసరికి ఆ డాక్టరు మా మొహాల్లోకి చూడకుండా మాట్లాడాడు. అందుకే నిన్ను ఈ చదువే చదివించమని పట్టుబట్టాను. మన ఇంట్లో ఒక్కరైనా నోట్లోకి చూసేవాళ్లుండాలనుకున్నాను. తీరా చూపించుకోవాల్సిన రోజొస్తే నాకు నోరు పెగలడం లేదు. చూపించుకోనంతసేపూ ఏమీ లేనట్టే కదా అనిపిస్తోంది. అమ్మ మీద ఇన్నేళ్లు కోపంగా ఉండేది, ఎందుకు దాచిందని. ఇప్పుడు లేదు.

నీ తప్పని ఏడవకు. స్వీట్లు బాగున్నాయని అందరూ అన్నారు.

మేనత్త


జూలై 9

అత్తయ్య గారికి,

ఇన్నేళ్లుగా నువ్వు నాకు పెట్టిన చీవాట్లన్నీ మూటగట్టి దాచుకున్నాను. ఇవాళ వడ్డీతో తిరిగి పంపిస్తున్నాను, నిలబడి తీసుకో.

ఏమే, బుద్ధుందా నీకు? యజమాని అల్లుణ్ణి నిలబెట్టి కడిగేసిన మనిషివి, మిరియపు గింజకి దాక్కుంటావా? నేను చిన్నప్పుడు సూది మందంటే మంచం కిందకి దూరితే, కాలు పట్టి బయటికి లాగింది ఎవరు? "ఒక్క నిమిషం నొప్పికి ఇంత రాద్ధాంతమా, మొద్దు మొహమా" అన్నది ఎవరు? ఇప్పుడు మంచం కింద ఎవరున్నారు?

సోమవారం పొద్దున పెద్ద డాక్టరమ్మ నీ కోసం ఖాళీ పెట్టుకున్నారు. మామయ్యకి విడిగా ఉత్తరం రాశాను. నువ్వు శనివారంలోగా రైలెక్కకపోతే, నీ నాలుక బొమ్మని నిలువెత్తు బోర్డుగా వేసి, మీ కంపెనీ గేటు ఎదురుగా నిలబెట్టమన్నాను. నాకు తెలిసి ఆయన కాదనడు, ఆ బొమ్మ ఆయనకి అంత ఇష్టం.

రా అత్తయ్యా. నీకు దణ్ణం పెడతాను, రా.

కోడలు


జూలై 17

కోడలు పిల్లా,

క్షేమంగా ఇల్లు చేరాం. నువ్వు స్టేషన్లో అడిగావు కదా, నిజంగా దేనికి వచ్చానని. మీ మామయ్య పెరట్లో చెక్కలు కొలుస్తుంటే చూశాను. ఆ మనిషి తమాషా చెయ్యడం లేదు.

మీ పెద్ద డాక్టరమ్మ నాకు నచ్చింది. నా నోట్లో వేళ్లు పెట్టి అంతా తడిమి, "ఈ దవడపన్ను అంచు విరిగి కత్తిలా ఉందండీ, నాలుక కదిలినప్పుడల్లా అదే గీసుకుంటోంది. మీరేమైనా కొరుకుతారా?" అంది.

"మనుషుల్నా, వస్తువుల్నా?" అన్నాను.

నవ్వితే ఆవిడ ముక్కుకి కట్టుకున్న గుడ్డ ఊడిపోయింది. అప్పుడు చెప్పాను. తోటల నుంచి నమూనా పొట్లాలు వస్తాయి, పురికొసతో కట్టి. ఆ కొస నేను పంటితో తెంపుతాను. కత్తెరకి నూనె వాసన ఉంటుంది, అది ఆకుకి అంటితే రుచి చెడుతుందని మొదటి రోజు నుంచీ అదే పద్ధతి. టీకి వాసన అంటకుండా చూసుకున్నాను గానీ, నా పన్ను విరిగిన సంగతి చూసుకోలేదు. పన్ను అంచు నున్నగా అరగదీసి పంపింది. రెండు వారాల్లో బుడిపె కరిగిపోవాలి, కరగకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలంది. కరుగుతుందనే అనుకుంటున్నానంది, కానీ ఒట్టు పెట్టలేదు. మీ మామయ్య ఆఫీసుకి వచ్చి, నమూనా పొట్లాలన్నీ ఆయనే గోటితో విప్పుతున్నారు. ఒక్కొక్కటీ పూటంతా పడుతోంది.

ఒక్కటి అడుగుతాను. అంతసేపూ నువ్వు ఆ మూల చేతులు కట్టుకుని ఎందుకు నిలబడ్డావు? నా వైపు ఒక్కసారి చూడలేదేం?

మేనత్త


జూలై 21

అత్తయ్యా,

సిగ్గుతో నిలబడ్డాను. నువ్వు నా మాట నమ్మి స్వీట్లు పంచావు. అది నిజంగా చెడ్డదే అయ్యుంటే, నా ఉత్తరం జేబులో పెట్టుకుని నువ్వు ఇంకో ఏడాది హాయిగా తిరిగేదానివి. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా నాకు ముద్ద దిగడం లేదు.

డాక్టరమ్మకి అంతా చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. "ఇంకెప్పుడూ కాగితం మీద నోరు చూడవు కదా, పోయి పని చూసుకో" అన్నారు. పని చూసుకుందామంటే చెయ్యి రావడం లేదు. నోరు తెరిచిన ప్రతివాళ్లూ నాకు నువ్వే అనిపిస్తున్నారు. ఈ చదువు మానేసి, మామయ్య దగ్గర బోర్డులకి రంగు వెయ్యడం నేర్చుకోనా? నిజంగానే అడుగుతున్నాను.

నీ
కోడలు పిల్ల


ఆగస్టు 3

కోడలు పిల్లా,

బోర్డుల పని సంగతి మీ మామయ్యని అడిగాను. కుడి ఎడమ తెలియనివాళ్లని పనిలో పెట్టుకోరుట. కాబట్టి నోరు మూసుకుని అక్కడే చదువుకో.

ఇప్పుడు నిన్న మీ ఆసుపత్రిలో మళ్లీ చూపించుకున్న సంగతి. నువ్వు అక్కడే ఉన్నావు కదా, మళ్లీ రాయడమెందుకు అంటావు. నువ్వు ఆ వైపు నుంచి చూశావు. కుర్చీలో పడుకున్నది నేను.

రైలెక్కిన దగ్గర నుంచీ నాలుకతో నేను దాన్ని తడుముకోలేదు, భయమేసి. కుర్చీలో వెనక్కి వాలాక మీ డాక్టరమ్మ చేతికి తొడుగు వేసుకోబోయి, ఆగి, నీ వైపు తిరిగి, "నువ్వు చూసి చెప్పు" అంది. నీ మొహం సున్నం కొట్టినట్టయింది. నువ్వు వద్దంటావనుకున్నాను. వచ్చావు.

గుడ్డముక్కతో నా నాలుక పట్టుకుని పక్కకి లాగావు. నా జన్మలో నన్ను అంతసేపు మాట్లాడకుండా పట్టుకున్నది నువ్వొక్కదానివే. మీ మామయ్య గుమ్మంలో నిలబడి టోపీ నలుపుతున్నారు. నీ వేలు అంచు వెంట వెళ్లింది, వెనక్కి వచ్చింది, మళ్లీ వెళ్లింది. ఎంతకీ చెప్పవు. పక్కకి తిప్పి చూశావు, కింద తడిమావు, మెడ కింద కూడా నొక్కి చూశావు. అప్పుడు అన్నావు: "ఏమీ లేదు అత్తయ్యా. మెత్తగా ఉంది. పోయింది."

డాక్టరమ్మ కూడా చూసి అవునంది. మీ మామయ్య గుమ్మంలోనే కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చారు. నువ్వూ ఏడుస్తున్నావు. కానీ నాలుక వదలడం మర్చిపోయావు! నాకు అప్పుడు నీతో ఒక మాట చెప్పాలనిపించింది. ఎలా చెప్తాను, నాలుక నీ చేతిలో ఉంటే? వదిలాక చుట్టూ జనం, నవ్వులు, మీ గదివాళ్లు వచ్చి గెంతడం, ఇంక చెప్పలేకపోయాను. ఇంటికి రాగానే కూర్చుని రాస్తున్నాను.

మా అమ్మ బతికుండగా నువ్వు పుట్టి ఉండాల్సింది, తల్లీ.

మీ అత్తయ్య